అప్‌డేట్: కామిక్స్ పెట్టె, కదలని కథ

మా అమలాపురం ఇంట్లో చెమ్మకి పాత కామిక్స్ అంటుకుపోతున్నాయని, నేను రాస్తున్న కామిక్ కథేమో కదలట్లేదని కిందటి నెల అడిగాను కదా. పుస్తకాలు చాలావరకు దక్కాయి. ఫ్యాను కింద ఆరబెట్టి, అటక మీంచి బీరువాలోకి మార్చాను. ఎండలో పెడితే రంగు వెలుస్తుందన్నారు, ఒక అట్ట పాడయ్యాకే నమ్మాను.

ఇక కథ. పాత్రల మాటలు రాసే బుడగలో మాటలు తగ్గించమన్నారు. చూస్తే నా కథలో పంటు (జనాన్ని గోదావరి దాటించే పెద్ద పడవ) నడిపే మావయ్య ఒక్క బొమ్మ గడిలోనే అరపేజీ ఉపన్యాసం ఇస్తున్నాడు! కోసేశాను. ఇప్పుడు సఖినేటిపల్లి రేవులో "తాడొదలరా అబ్బాయ్" అంటాడు, అంతే. పంటు కదులుతుంది.

అవతలి ఒడ్డున నరసాపురం, 1933లో బాపు గారు పుట్టిన ఊరు. ఇవతల నాకు మాత్రం బొమ్మలేసేవాళ్లు దొరకలేదు. తమ్ముడు వేస్తానంటున్నాడు గానీ, వాడేసిన పంటు అచ్చం హవాయి చెప్పులా ఉంది.