డీవో మోడల్‌ని కోడ్‌తోనే క్లౌడ్ ఎండ్‌పాయింట్‌గా పెట్టాలి: మన వైపు ఎవరన్నా చేసుంటే చెప్పండి

చెరువుగట్టు (అల్లూరు)

అన్నలకీ అక్కలకీ నమస్కారం. రొయ్యల గుంటల్లో డీవో (నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్) ఎప్పుడు పడిపోద్దో మీకు చెప్పక్కర్లేదు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ లాగేసుకుంటది, పొద్దుపొడిచే ముందు మరీ తక్కువ. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి పోతే మాకు నిద్ర ఉండదు. సెన్సర్ లెక్కలు (డీవో, ఉష్ణోగ్రత, పీహెచ్, ఉప్పదనం, నీళ్ళకి గాలి కలిపే ఏరేటర్లు నడిచిన గంటలు) పెట్టుకోని చాలా డెసిషన్ ట్రీలు కలిపిన రాండమ్ ఫారెస్ట్ మోడల్ ఒకటి తయారు చేశా. రెండు గంటల తర్వాత డీవో ఎంత ఉంటదో చెప్తది. లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తా ఉంది.

ఇప్పుడు దీన్ని సేజ్‌మేకర్‌లో (అమెజాన్ క్లౌడ్‌లో మోడల్స్ నడిపే సర్వీసు) ఎండ్‌పాయింట్‌గా, అంటే నెట్ మీద అడిగితే జవాబు చెప్పేదిగా పెట్టాలి. కన్సోల్‌లో బటన్లు నొక్కి కాదు, మొత్తం పైథాన్‌తోనే. రేపు పక్క రైతు గుంటకి ఇంకో మోడల్ పెట్టాలంటే అదే స్క్రిప్టు తిప్పితే సరిపోవాలి. తెల్లారుజామున మూడింటికి అడిగినా జవాబు టక్కున రావాలి, బిల్లు మాత్రం వాచిపోకూడదు. ఎవరు ఎట్టా చేస్తుండారు?

కావలికెరటం (కావలి)

తమ్ముడూ, ముందు ఒక విషయం తలకెక్కించుకో. కోడ్‌తో చేసేటప్పుడు సేజ్‌మేకర్‌లో తయారయ్యేవి మూడు వేరు వేరు వస్తువులు: మోడల్, ఎండ్‌పాయింట్ కాన్ఫిగ్, ఎండ్‌పాయింట్. బోటో3లో (అమెజాన్ క్లౌడ్‌ని పిలిచే పైథాన్ లైబ్రరీ) క్రియేట్ మోడల్, క్రియేట్ ఎండ్‌పాయింట్ కాన్ఫిగ్, క్రియేట్ ఎండ్‌పాయింట్ అని మూడు పిలుపులు ఈ వరసలోనే రాయాలి. (పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, నువ్వు టైప్ చేసేటప్పుడు మధ్యలో అండర్‌స్కోర్లు పెట్టుకో.) మోడల్ అంటే కంటెయినర్ ఇమేజ్ (కోడ్, లైబ్రరీలు కలిపి కట్టిన పెట్టె) ఏది, ఫైలు ఎస్3లో (అమెజాన్ ఫైళ్ళ గిడ్డంగి) ఎక్కడుంది, ఏ రోల్‌తో (అనుమతుల మూట) నడవాలి అన్న మూడు ముక్కలే. ఏ సైజు మెషీన్, ఎన్ని కావాలి అన్నది కాన్ఫిగ్‌లో ఉంటది. మెషీన్ లేచేది, డబ్బు మొదలయ్యేది మూడోదానితోనే.

మోడల్ ఫైలుని టార్ జీజడ్‌గా కట్టాలి. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ఫోల్డర్ పేరుతో సహా కడితే లోపల ఇంకో ఫోల్డర్ వచ్చి కూర్చుంటది, కంటెయినర్‌కి జాబ్‌లిబ్ ఫైలు (దాచిన మోడల్) కనపడదు. టార్ కమాండ్‌లో మైనస్ పెద్ద సీ వాడి ఫోల్డర్ లోపలికి పోయి, చివర చుక్క పెట్టి కట్టు. అప్పుడు విప్పగానే ఫైలు పైనే ఉంటది. ఎస్3 బకెట్, ఎండ్‌పాయింట్ ఒకే రీజియన్‌లో (అమెజాన్ సర్వర్లు ఉన్న ప్రాంతం) ఉండాలి. ముంబయి ఉంది, 2022 నవంబరు నుంచి హైదరాబాద్ కూడా ఉంది. అయితే కొత్త రీజియన్‌లో అన్ని రకాల మెషీన్లూ ఉంటాయన్న నమ్మకం పెట్టుకోవద్దు, జాబితా చూసి ఎంచుకో.

ఇన్ఫరెన్స్ స్క్రిప్టులో (మోడల్‌ని తెరిచి జవాబు చెప్పే కోడ్) నాలుగు ఫంక్షన్లు: మోడల్ ఎఫ్ఎన్, ఇన్‌పుట్ ఎఫ్ఎన్, ప్రెడిక్ట్ ఎఫ్ఎన్, అవుట్‌పుట్ ఎఫ్ఎన్. నీకు మొదటిది తప్పనిసరి. మిగతావి అవసరమైతేనే రాసుకో, డిఫాల్టులు ఉన్నాయి.

క్రియేట్ ఎండ్‌పాయింట్ పిలవగానే అది తయారైనట్టు కాదు. కొన్ని నిమిషాలు 'క్రియేటింగ్' అనే చూపిస్తది. బోటో3లో తయారయ్యేదాకా ఆగే వెయిటర్ ఉంది, దాన్ని పెట్టు. 'ఇన్‌సర్వీస్' వచ్చాకే స్క్రిప్టు ముందుకి పోవాలి. 'ఫెయిల్డ్' వస్తే క్లౌడ్‌వాచ్‌లో ఎండ్‌పాయింట్ పేరుతో ఉండే లాగ్ గ్రూపు చూడు. పైకి కనపడే ఎర్రర్‌లో 'పింగ్ హెల్త్ చెక్ పాస్ కాలేదు' అని మాత్రమే ఉంటది. అసలు కారణం ఏదో మాడ్యూల్ దొరకకపోవడమో ఏదో, అది లాగ్‌లోనే దొరుకుద్ది.

గెలాక్సీరాయి (చీమకుర్తి)

మాది గ్రానైట్. పాలిష్ అయిన పలకల ఫొటోలు తీసి సన్న పగుళ్ళు పట్టుకునే మోడల్ నడుపుతుండాం. బ్లాక్ గెలాక్సీలో ఆ మెరిసే చుక్కలు ఉంటాయి కదా, మోడల్‌కి అవే మొదటి తలనొప్పి. అది వేరే కథ.

ఫొటోలు పంపే వాళ్ళకి ఒక మాట. చాలామంది ఫొటోని బేస్64 చేసి (అక్షరాలుగా మార్చి) జేసన్‌లో పెట్టి పంపుతారు. దాంతో సైజు మూడో వంతు పెరుగుద్ది. ఎండ్‌పాయింట్‌కి ఒక్క రిక్వెస్టులో ఎంత సైజు పంపొచ్చో హద్దు ఉంది, సర్వర్‌లెస్‌కైతే (అడిగినప్పుడే లేచే రకం) 4 ఎంబీ. కంటెంట్ టైప్ 'ఇమేజ్ జేపెగ్' అని పెట్టి బైట్లు నేరుగా పంపితే ఆ భారం తగ్గుద్ది, ఇన్‌పుట్ ఎఫ్ఎన్‌లో పిల్లో (ఫొటోల లైబ్రరీ) పెట్టి విప్పుకుంటే సరి.

మా కేసులో అదీ చాల్లేదు. పలక ఫొటోని చిన్నది చేసి జేపెగ్ క్వాలిటీ దించితే ముందు మాయమయ్యేవి వెంట్రుకంత పగుళ్ళే. చుక్కలు మాత్రం నిక్షేపంగా ఉంటాయి. మనకి కావాల్సిందే పోయి అక్కర్లేనిది మిగిలిపోద్ది. అందుకని అసింక్ ఎండ్‌పాయింట్‌కి మారాం. ఫొటో ఎస్3లో పడేసి దాని అడ్రసు మాత్రం పంపుతాం, జవాబు కూడా ఎస్3లోనే వచ్చి పడుద్ది. ఒక్కో ఇన్‌పుట్ 1 జీబీ దాకా, ఒక్కో పని గంట దాకా నడవొచ్చు. క్యూలో ఏం లేనప్పుడు మెషీన్ల సంఖ్య సున్నాకి దిగేట్టు ఆటోస్కేలింగ్ రాసుకోవచ్చు. రాత్రి కటింగ్ ఆగినాక మాకు ఒక్క మెషీనూ నడవదు.

పెన్నాబ్యారేజీ (నెల్లూరు)

అబ్బయ్యా అల్లూరూ, అందరూ ఎట్టా పెట్టాలో చెప్తుండారు. నేను అసలు పెట్టాలా అని అడుగుతుండా.

రియల్‌టైమ్ ఎండ్‌పాయింట్ అంటే నువ్వు అడిగినా అడక్కపోయినా మెషీన్ నడుస్తానే ఉంటది. ఏరేటర్ ఆన్ చేసి గట్టు దిగిపోయినట్టు, గుంటలో రొయ్య ఉన్నా లేకపోయినా మీటరు తిరుగుద్ది. నీ మోడల్‌ని ఎవరు అడుగుతారు? రైతు ఫోన్లో బటన్ నొక్కి అడుగుతాడా, సెన్సర్ అరగంటకోసారి తానే పంపుద్దా? సెన్సరే పంపేదైతే ప్రశ్న ఎప్పుడొస్తదో ముందే తెలుసు. అరగంటకోసారి ఒక లాంబ్డా (పిలిస్తే లేచే అమెజాన్ ఫంక్షన్) లేచి మోడల్ లోడ్ చేసుకోని లెక్కేసి ఎస్‌ఎంఎస్ కొట్టి పడుకుంటే చాలు. రాండమ్ ఫారెస్ట్‌కి జీపీయూ (భారీ లెక్కల చిప్పు) అక్కర్లేదు. లాంబ్డాకి 10 జీబీ దాకా కంటెయినర్ ఇమేజ్ ఇవ్వొచ్చు, నీ మోడల్ కట్టిన సైకిట్ లెర్న్ లైబ్రరీ అందులో హాయిగా పడుద్ది.

ఇంకా చెప్పాలంటే గట్టు మీద సెన్సర్ పెట్టెలో రాస్ప్‌బెరీ పై (అరచేతి కంప్యూటర్) ఉంటే మోడల్ అక్కడే పెట్టేయొచ్చు. తుపాను గాలికి టవర్ పోయినప్పుడే డీవోతో పని ఎక్కువ. ఆ టయానికి క్లౌడ్ అందకపోతే ఏం లాభం?

చెరువుగట్టు (అల్లూరు)

అన్నా, రెండూ ఉండాయి. సెన్సర్ అరగంటకోసారి పంపుద్ది. అది కాక రైతు 'ఇప్పుడు రెండు ఏరేటర్లు ఆపితే ఏమవుద్ది' అని ఫోన్లో అడగాలనుకుంటాడు, కరెంటు బిల్లు భయం కదా. రెండోదానికే ఎండ్‌పాయింట్ అనుకున్నా.

కావలి అక్క చెప్పినట్టు చేస్తే ఫెయిల్డ్ వచ్చింది. లాగ్ చూశా. 'నోడ్ అర్రే ఫ్రమ్ ద పికిల్ హ్యాజ్ యాన్ ఇన్‌కంపాటిబుల్ డీటైప్' అని, కింద 'మిస్సింగ్ గో టు లెఫ్ట్' అని ఏదో ఉంది. ఇదేంది?

కావలికెరటం (కావలి)

వెర్షన్ గొడవ. సైకిట్ లెర్న్ 1.3లో డెసిషన్ ట్రీలకి ఖాళీ విలువలు తట్టుకునే సౌకర్యం పెట్టారు. దానికోసం చెట్టు లోపలి నిర్మాణంలో ఆ 'మిస్సింగ్ గో టు లెఫ్ట్' అనే గడి చేర్చారు. నువ్వు కొత్త వెర్షన్‌లో ట్రైన్ చేసి ఉంటావు, కంటెయినర్‌లో 1.2 ఉంటది. ఫ్రేమ్‌వర్క్ వెర్షన్ '1.2-1' అని ఇచ్చావేమో చూడు. మోడల్‌ని దాచేది పికిల్‌తో అయినా జాబ్‌లిబ్‌తో అయినా ఇంతే, ఏ వెర్షన్‌లో దాస్తే అదే వెర్షన్‌లో తియ్యాలి.

రెండు దార్లు. కంటెయినర్ వెర్షన్ ఏదో అదే లాప్‌టాప్‌లో వేరే ఎన్విరాన్‌మెంట్ కట్టి మళ్ళీ ట్రైన్ చెయ్యి. లేదా నీ సొంత కంటెయినర్ కట్టుకో. సొంతదైతే 8080 పోర్టు మీద వినాలి, 'పింగ్'కి 200 (బాగున్నా అని) చెప్పాలి, 'ఇన్వొకేషన్స్'కి జవాబివ్వాలి. సేజ్‌మేకర్ అడిగేది అంతవరకే.

సేజ్‌మేకర్ పైథాన్ ఎస్‌డీకే (అమెజాన్ ఇచ్చే ఇంకో లైబ్రరీ) గురించి కూడా ఒక మాట. మూడో వెర్షన్‌లో పాత క్లాసుల పద్ధతి మార్చి మోడల్‌బిల్డర్ అనే క్లాసు వైపు తిప్పారు. నెట్‌లో దొరికే కోడ్ ఎక్కువ భాగం రెండో వెర్షన్‌ది. అందుకని రిక్వైర్‌మెంట్స్‌లో వెర్షన్ గట్టిగా కట్టేయ్, లేదా బోటో3తోనే రాయి. నా ఓటు బోటో3కే. నాలుగు లైన్లు ఎక్కువైనా ఏం జరుగుతా ఉందో కళ్ళకి కనపడుద్ది.

గెలాక్సీరాయి (చీమకుర్తి)

సొంత కంటెయినర్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆపిల్ ఎం సిరీస్ లాప్‌టాప్‌లో డాకర్‌తో (కంటెయినర్ కట్టే టూలు) బిల్డ్ చేసి మామూలు ఇంటెల్ మెషీన్ మీద పెడితే చిప్పు రకం వేరైనందుకు 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' వస్తది. బిల్డ్ చేసేటప్పుడు ప్లాట్‌ఫామ్ లినక్స్ ఏఎండీ64 అని చెప్పాలి.

పలకాబలపం (మార్కాపురం)

నాకు అజ్యూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్), వెర్టెక్స్ (గూగుల్‌ది) రెండిట్లోనూ పని. సేజ్‌మేకర్ తప్ప వేరే లోకం లేనట్టు ఉంది ఇక్కడ, అందుకే రాస్తున్నా.

అజ్యూర్‌లో స్కోరింగ్ ఫైలులో రెండే ఫంక్షన్లు: ఇనిట్, రన్. ఇనిట్ మోడల్‌ని ఒకసారి లోడ్ చేస్తుంది, రన్ ప్రతి రిక్వెస్టుకీ నడుస్తుంది. నాకు బాగా నచ్చేది, ఎండ్‌పాయింట్ వేరు, దాని కింద డిప్లాయ్‌మెంట్ వేరు. పాత మోడల్ నడుస్తుండగానే కొత్తది పక్కన పెట్టి పదో వంతు ట్రాఫిక్ దానికిచ్చి చూడొచ్చు. కొత్త డిప్లాయ్‌మెంట్ లేచినా నువ్వు ట్రాఫిక్ శాతం రాసేదాకా దానికి ఏమీ రాదు. అది తెలియక కోడ్ పనిచెయ్యట్లేదని గంటలు గంటలు వెతుకుతుంటారు.

వెర్టెక్స్‌లోనూ ఇదే తీరు. ఖాళీ ఎండ్‌పాయింట్‌కి డబ్బు పడదు, దాని మీద డిప్లాయ్ చేసిన మోడల్‌కే పడుతుంది. తీసేసేటప్పుడు ముందు అన్‌డిప్లాయ్ చెయ్యాలి, లేదా డిలీట్‌లో ఫోర్స్ ట్రూ ఇవ్వాలి. నీ అంత చిన్న మోడల్‌కైతే ఇవేవీ వద్దు తమ్ముడూ. ఫాస్ట్ఏపీఐలో (పైథాన్ వెబ్ లైబ్రరీ) పది లైన్ల సర్వీసు రాసి గూగుల్ క్లౌడ్ రన్‌లో పడేస్తే అడిగినప్పుడు లేస్తుంది, లేనప్పుడు సున్నా.

బేళ్ళుబండి (టంగుటూరు)

మా దగ్గర పొగాకు ఆకు ఫొటో చూసి గ్రేడు అంచనా వేసే మోడల్ ఉంది. వేలం ఉన్న రోజు పొద్దున ఫుల్లు రద్దీ, బేళ్ళు (పొగాకు కట్టలు) అయిపోయాక పిట్ట కూడా వాలదు. సీజన్ ముగిస్తే నెలల తరబడి అడిగేవాడే లేడు. మరి ఎండ్‌పాయింట్ ఏడాదంతా ఎందుకు నడవాలి? కోడ్‌తో పెట్టుకోవడంలో అసలు సుఖం ఇక్కడే ఉంది. షెడ్యూల్ ప్రకారం ఒక స్క్రిప్టు వేలానికి ముందు ఎండ్‌పాయింట్ లేపుద్ది, సాయంత్రం ఇంకోటి డిలీట్ చేస్తది. డిలీట్ ఎండ్‌పాయింట్ కొడితే ఎండ్‌పాయింటే పోద్ది, మోడల్, కాన్ఫిగ్ అట్టాగే ఉంటాయి. వాటికి డబ్బు పడదు, మర్నాడు మళ్ళీ ఒక్క పిలుపుతో లేస్తది.

బడ్జెట్ అలర్ట్ పెట్టుకుంటే చాలులే అనుకునేవాళ్ళకి చెప్తున్నా: అది మెయిల్ కొడుద్ది గానీ తానై ఎండ్‌పాయింట్‌ని ఆపదు. పైగా లెక్క కొన్ని గంటలు వెనకే నడుస్తది.

చెరువుగట్టు (అల్లూరు)

1.2లో మళ్ళీ ట్రైన్ చేశా, ఇన్‌సర్వీస్ వచ్చింది. అక్కకి వేల దండాలు.

పెన్నా అన్న చెప్పినట్టు అరగంట లెక్కని లాంబ్డాకి మార్చేస్తా. రైతు అడిగేదానికి సర్వర్‌లెస్ ఎండ్‌పాయింట్ అనుకుంటుండా. మూడింటికి కోల్డ్ స్టార్ట్ (నిద్ర నుంచి లేచే టైము) ఎంత పడుద్దో చెప్పగలరా? రైతు దగ్గరున్నది మామూలు ఆండ్రాయిడ్ ఫోను, యాప్‌లో అమెజాన్ అకౌంట్ కీ పెట్టి నేరుగా పిలుద్దామా?

పెన్నాబ్యారేజీ (నెల్లూరు)

కీ యాప్‌లో పెట్టమాక సామీ. ఏపీకే (యాప్ ఫైలు) విప్పితే ఎవడికైనా దొరుకుద్ది. ముందు ఏపీఐ గేట్‌వే (బయటి రిక్వెస్టులు తీసుకునే గేటు), దాని వెనక లాంబ్డా, ఆ లాంబ్డా మాత్రమే ఎండ్‌పాయింట్‌ని పిలవాలి. దాని రోల్‌కి ఆ ఒక్క ఎండ్‌పాయింట్‌ని ఇన్వోక్ చేసే అనుమతే ఇవ్వు, డిలీట్ గిలీట్ వద్దు.

కోల్డ్ స్టార్ట్ సంగతికొస్తే, చాలాసేపు ఎవరూ అడక్కపోతే కంటెయినర్ మళ్ళీ మొదటి నుంచి లేవాలి. ఎంతసేపన్నది ఇమేజ్ సైజు, మోడల్ సైజు బట్టి ఉంటది. గేట్‌వే మామూలుగా 29 సెకన్లకే చెయ్యి ఎత్తేస్తది, అది గుర్తుపెట్టుకోని టైమ్ చూడు. నీ మోడల్ చిన్నది కాబట్టి మెమరీ 1024 ఎంబీతో మొదలుపెట్టు, 6144 దాకా పెంచుకోవచ్చు. సర్వర్‌లెస్‌కి జీపీయూ రాదు, నీకు అక్కర్లేదు కూడా.

అయినా ఒకటి చూడు. అరగంట లెక్క వేసే లాంబ్డాలో మోడల్ ఎట్టాగూ ఉంది. రైతు ప్రశ్నని కూడా దానికే పంపితే సరిపోయేదానికి ఇంకో ఎండ్‌పాయింట్ దేనికి?

చెరువుగట్టు (అల్లూరు)

ఈ మోడల్ వరకూ నిజమే అన్నా, ఎండ్‌పాయింట్ తీసేస్తుండా. స్క్రిప్టు మాత్రం దాచుకుంటా. చెక్‌ట్రే (మేత చూసే పళ్ళెం) రొయ్య ఫొటో చూసి తెల్లమచ్చ రోగం కనిపెట్టే పని తర్వాత ఉంది, దానికి జీపీయూ మెషీన్ కావాల్సొస్తది.

కావలికెరటం (కావలి)

అయితే జీపీయూ కోటాకి (ఎన్ని మెషీన్లు వాడొచ్చో హద్దు) ఇవాళే రిక్వెస్టు పెట్టు. కొత్త అకౌంట్లలో అది సున్నా ఉండొచ్చు. అప్పుడు క్రియేట్ ఎండ్‌పాయింట్ కొడితే 'రిసోర్స్ లిమిట్ ఎక్సీడెడ్' అంటది. కోటా పేజీలో ఎండ్‌పాయింట్ వాడకానికి వేరు, ట్రైనింగ్‌కి వేరు గళ్ళుంటాయి. నీకు ఎండ్‌పాయింట్ అని ఉన్నది కావాలి, రీజియన్ కూడా నువ్వు ఎండ్‌పాయింట్ పెట్టేదే అని సరిచూసుకోని పెట్టు.