థర్మోకపుల్‌కు రాగి వైరు అతకవచ్చునా?

భీమవరం సభ్యుడు:
నేను విమానాల నిర్వహణ కోర్సు చదువుతున్నాను. చిన్న విమానంలో సిలిండర్ హెడ్ వేడిని చూపే కె రకం థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగలు కలిపి చేసిన, వేడిని కొలిచే సాధనం) వైరు చాలకపోతే, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే అడ్డుగోడ) నుంచి గేజీ దాకా మామూలు రాగి వైరు అతకవచ్చునా అన్నదానిపై మా తరగతిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. అనుభవజ్ఞులు చెప్పగలరు.

తణుకు సభ్యుడు:
అతకవచ్చునని నా అభిప్రాయం. మా మిల్లులో ధాన్యం డ్రయ్యరుకు రాగి వైరే వాడాము. మరిగే నీళ్ళలో ముంచి చూస్తే మీటరు సరిగ్గా 100 చూపింది.

రావులపాలెం సభ్యుడు:
తణుకు వారి పరీక్ష నిజమే గాని, ఆ పరీక్షలో ఈ దోషం బయటపడే వీలే లేదండీ. థర్మోకపుల్ తన రెండు కొనల మధ్య ఉన్న వేడి తేడాను బట్టి, డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 41 మైక్రోవోల్టుల చొప్పున పుట్టిస్తుంది. గేజీ తన టెర్మినళ్ళ దగ్గరి వేడిని ఆ తేడాకు కలిపి చూపుతుంది. మధ్యలో రాగి అతికితే థర్మోకపుల్ ఆ అతుకు దగ్గరే ముగిసిపోతుంది, గేజీ మాత్రం అది తన దాకా వచ్చిందనే లెక్క వేస్తుంది. బల్ల మీద అతుకూ మీటరూ ఒకే గది వేడిలో ఉంటాయి కనుక తప్పు సున్నా అవుతుంది. విమానంలో అతుకు ఇంజిన్ వైపు 75 డిగ్రీల్లో, గేజీ 35 డిగ్రీల్లో ఉంటే 40 డిగ్రీలు తక్కువ చూపుతుంది. చాలా లైకమింగ్ ఇంజిన్లకు సిలిండర్ హెడ్ గరిష్ఠ పరిమితి 260 డిగ్రీలు. అక్కడికి చేరిన ఇంజిన్‌కు గేజీ 220 చూపిస్తుంటే, పైలట్ ఇంకా వెసులుబాటు ఉందనుకుని అదే జోరు మీద పైకి ఎక్కిస్తాడు. నన్ను భయపెట్టేది ఇదే.

కొలత పరికరాల మరమ్మతు నా వృత్తి కనుక దీన్ని చేసి చూశాను. కొనను మరిగే నీళ్ళలోనే ఉంచి, రాగి అతుకు మీద జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు పట్టాను. నీళ్ళు తెర్లుతూనే ఉన్నాయి, మీటరు మాత్రం 100 నుంచి 70కి దిగింది. అతుకు మీద తడిగుడ్డ వేయగానే మళ్ళీ పైకి లేచింది. మీ మిల్లులో అతుకు పెట్టె డ్రయ్యరు గోడకే బిగించి ఉంటే అక్కడా ఇంతే, ఒకసారి చూసుకోండి.

తణుకు సభ్యుడు:
పెట్టె గోడకే ఉంది, రేపే చూస్తాను. అయితే ఎగ్జాస్ట్ వేడి గేజీలో పైలట్ చూసేది శిఖరం (అత్యధిక వేడి) నుంచి ఎంత దిగిందన్నదే కదా, అక్కడ పరవాలేదంటారా?

రావులపాలెం సభ్యుడు:
అక్కడ నష్టం తక్కువేనని ఒప్పుకుంటాను. అతుకు గేజీ వెనుకనే, గేజీతో సమానమైన వేడిలో ఉంటే రాగి వల్ల తప్పు రాదు కూడా. సిలిండర్ హెడ్‌కు మాత్రం కె రకం ఎక్స్‌టెన్షన్ వైరే (ఆ థర్మోకపుల్ లోహాలతోనే చేసిన పొడిగింపు వైరు), అదీ తయారీదారు మాన్యువల్ ప్రకారమే వేయాలి. అమెరికా రంగుల పద్ధతిలో ఎరుపు ఋణధ్రువమని భీమవరం తమ్ముడు గుర్తుంచుకోవాలి. మన అలవాటు చొప్పున ఎరుపును ధనమనుకుని ఆ వైరును రెండు చివరలా తిరగేసి కలిపితే, పై ఉదాహరణలో తప్పు 80 డిగ్రీలవుతుంది. అనుమానమొస్తే చిన్న అయస్కాంతం దగ్గర పెట్టు. కె రకంలో దానికి అంటుకునే తీగే ఋణం.