నెట్ సెంటర్ సిస్టమ్‌లకి ఎక్స్11 ఉంచాలా, వేలాండ్‌కి మారాలా?

పర్లాకిమిడి_జిరాక్స్:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడిలో చిన్న నెట్ సెంటర్, నాలుగు సిస్టమ్‌లు. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక అన్నింటికీ లినక్స్ వేసేశాను, ఎక్స్11 (స్క్రీన్ మీద కిటికీలు చూపించి, కీబోర్డు నొక్కులు ప్రోగ్రాములకి అందించే పాత వ్యవస్థ) మీద బాగానే నడుస్తున్నాయి. ఇప్పుడు కొత్త వెర్షన్ వేస్తే దాని బదులు వచ్చిన వేలాండే వస్తాది అంటున్నారు. మా దగ్గర సగం పని తెలుగు, సగం ఒడియా, పెళ్లి కార్డులు, స్కాలర్‌షిప్ ఫారాలు. నడుస్తున్నదాన్ని కదపడం అవసరమా?

గుణుపురం_కుర్రోడు:
అస్సలు కదపొద్దన్నా. ఎక్స్11 1987 నుంచి ఉంది, దాని కష్టాలన్నీ జనానికి తెలిసినవే. నేను మన బదులు కీలు నొక్కే ఎక్స్‌డూటూల్‌తో ఫారాలు వాటంతటవే నిండేలా స్క్రిప్టు రాసుకున్నాను, వేలాండ్‌లో అది పనిచెయ్యదు. రాత్రి ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి వేరే సిస్టమ్‌లోకి వెళ్ళే దారి) షాపు సిస్టమ్‌లో ప్రోగ్రామ్ తెరిచి నా స్క్రీన్ మీదకి తెచ్చుకుంటాను, అదీ పోతాది. ఇంకోటి, ఎక్స్11లో గ్నోమ్ డెస్క్‌టాప్‌ని నడిపే షెల్ పడిపోయినా మళ్ళీ లేస్తాది, తెరిచిన కిటికీలు అలాగే ఉంటాయి, అదే గ్నోమ్ వేలాండ్‌లో షెల్ పడితే సెషన్ మొత్తం పోయి లాగిన్ దగ్గరకొచ్చి కూర్చుంటాది, సగం కంపోజ్ చేసిన కార్డు గతేంటి? పైగా వేలాండ్ వేశాక తెలుగు ఒత్తులు విడిపోయాయని మా ఫ్రెండ్ చెప్పాడు.

బరంపురం_డీటీపీ:
తమ్ముడూ, షెల్ పడిపోయే సంగతి నువ్వు చెప్పింది నిజం, అందులో వాదన లేదు. ఇంకో డెస్క్‌టాప్ కేడీఈ ప్లాస్మా 6లో చాలా ప్రోగ్రాములు తట్టుకుని నిలబడతాయి గానీ గ్నోమ్‌లో ఇంకా ఆ కష్టం ఉంది. ఒత్తుల సంగతి మాత్రం వేలాండ్ మీద వెయ్యకు. అక్షరాలు కలిపి ఒత్తు కింద పెట్టే పని హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీది, ఫాంట్‌ది, అది ప్రోగ్రామ్ లోపలే అయిపోతాది, తయారైన బొమ్మే డిస్‌ప్లే దాకా వస్తాది. ఫాంట్ మారిందేమో చూసుకోమను.

నేను మారమనడానికి కారణం వేరే ఉంది. అది నెట్ సెంటర్ అన్నా, సొంత సిస్టమ్ కాదు. మా షాపుకి వచ్చే పెద్దవాళ్ళు పక్కన నిలబడి బ్యాంకు పాస్‌వర్డ్ నాతోనే కొట్టించుకుంటారు, ఆ నమ్మకం ఎంత బరువో నీకూ తెలుసు. ఇప్పుడొక పని చెయ్యి, టెర్మినల్ తెరిచి ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్ (xinput list) అనే కమాండ్ కొట్టి కీబోర్డు నంబర్ చూసుకో, ఎక్స్‌ఇన్‌పుట్ టెస్ట్ పక్కన ఆ నంబర్ పెట్టి ఎంటర్ కొట్టు, తర్వాత బ్రౌజర్‌లోకి వెళ్ళి పాస్‌వర్డ్ గడిలో ఏదో ఒకటి టైప్ చెయ్యి. నువ్వు నొక్కిన ప్రతి కీ నంబర్ టెర్మినల్‌లో పడతా ఉంటాది. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అడగదు, ఎక్కడా హెచ్చరిక రాదు. అంటే ఎవరో కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడిపిన ప్రోగ్రామ్ కూడా అదే పని చెయ్యగలదు, స్క్రీన్ ఫొటో కూడా తీసుకోగలదు. మొదటిసారి చూసిన రోజు నాకు నిద్రపట్టలేదు. ఇది ఎవరో చేసిన తప్పు కాదు, ఎక్స్ 1984లో ఎంఐటీలో పుట్టినప్పుడు ఒకే స్క్రీన్ మీదున్న ప్రోగ్రాములు ఒకదాన్నొకటి నమ్ముకోవచ్చు అనే లెక్కన కట్టారు. 2008లో వేలాండ్ మొదలుపెట్టిన క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ కూడా ఎక్స్ మీద పనిచేసినవాడే, దాని లోపాలు బయటినుంచి చూసి చెప్పినవాడు కాదు.

వేలాండ్‌లో కీ నొక్కితే ముందున్న కిటికీకే వెళ్తాది. స్క్రీన్ చూపించాలంటే పోర్టల్ అనే అనుమతి కిటికీ నిన్ను అడుగుతాది, ఆ బొమ్మ పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్ ద్వారా వెళ్తాది. నీ ఎక్స్‌డూటూల్ ఆగిపోయిందీ ఈ కారణానికే తమ్ముడూ, వేరే కిటికీలో అడగకుండా టైప్ చెయ్యగలిగిన స్క్రిప్టు నీదే కానక్కర్లేదు కదా. దాని బదులు వైడూటూల్ ఉంది, దానికి పర్మిషన్ నువ్వే ఇచ్చుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్‌ది పోలేదు, ఎక్స్ ప్రోగ్రాములు ఎక్స్‌వేలాండ్ (వేలాండ్ లోపల పాత ఎక్స్ ప్రోగ్రాములని నడిపేది) మీద వస్తాయి, మిగతావాటిని దూరం నుంచి తెచ్చుకోడానికి వేపైప్ ఉంది. అయితే ఒక మాట, ఎక్స్‌వేలాండ్‌లో నడిచే ప్రోగ్రాములు ఒకదాని కీలు ఒకటి ఇంకా వినగలవు, అందుకని బ్రౌజర్ నేరుగా వేలాండ్‌లోనే నడుస్తోందా లేదా చూసుకోవాలి.

జయపూర్_హార్డ్‌వేర్:
గ్రాఫిక్స్ కార్డు చూసుకోండి ముందు. పాత ఎన్విడియా కార్డులు కొన్నింటికి డ్రైవర్ 390 దగ్గర ఆగిపోయింది, దాంతో వేలాండ్ సాఫీగా నడవదు, దాని బదులు ఓపెన్ సోర్స్ నూవో డ్రైవర్ పెట్టుకోవాలి. ఇంటెల్ గ్రాఫిక్స్ అయితే ఇబ్బంది లేదు.

గుణుపురం_కుర్రోడు:
టెస్ట్ చేశాను, నిజమే, నంబర్లు పడుతున్నాయి. అయినా కస్టమర్ చెయ్యి పడని సిస్టమ్‌కి ఈ బాధ ఎందుకు? నా ఒడియా కీబోర్డు లేఅవుట్ ఎక్స్11 వాళ్ళ ఎక్స్‌మోడ్‌మ్యాప్‌తో మార్చుకున్నది, మళ్ళీ ఎవరు రాస్తారు?

బరంపురం_డీటీపీ:
లోపలి సిస్టమ్‌కి ఉంచుకో, నేనేం కాదనను. లేఅవుట్ మాత్రం ఒక్కసారి మార్చి చూడు, వేలాండ్‌లో ఇంటి ఫోల్డర్‌లో కాన్ఫిగ్ కింద ఎక్స్‌కేబీ ఫోల్డర్‌లో నీ ఫైల్ పెట్టుకోవచ్చు. ఎక్స్11లో సిస్టమ్ ఫైల్లోనే రాసి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా పోగొట్టుకునేవాణ్ణి నేను, నా తెలుగు లేఅవుట్ మూడుసార్లు రాశాను. ఇంకోటి, గ్నోమ్ 49లో 2025 సెప్టెంబర్ నుంచే ఎక్స్11 సెషన్ డిఫాల్ట్‌గా ఆపేశారు. ఎక్స్‌ఎఫ్‌సీఈ, సినమన్ డెస్క్‌టాప్‌లు వాడితే ఇంకొంత టైముంది.

పర్లాకిమిడి_జిరాక్స్:
షాపు మూసేశాక నేనూ ఆ టెస్ట్ చేశాను. అన్నా, ముందు వరుసలో కస్టమర్లు కూర్చునే మూడింటికీ ఈ ఆదివారమే వేలాండ్ వేసేస్తున్నాను, మూడూ ఇంటెల్‌వే. కార్డులు కంపోజ్ చేసే నాలుగోది పాత ఎన్విడియా, దాన్ని ఎక్స్11 మీదే ఉంచుతాను. ఒడియా, తెలుగు రెండూ ఐబస్‌లో (టైపింగ్ భాష మార్చుకునే ప్రోగ్రామ్) పెట్టుకుంటే మార్చుకోవడం ఆలస్యం అవతాదా, మీ దగ్గర ఎలా ఉంది?