ఆయిల్ పడ్డ నేలలో బయోచార్ కలిపితే ఆకుకూరలు వేసుకోవచ్చా?

ఉప్పల్_పెరడు:
ఉప్పల్‌లో మేం కొన్న స్థలంలో ఇదివరకు మెకానిక్ షెడ్ ఉండేది. పాత ఇంజిన్ ఆయిల్ ఏళ్ల తరబడి అక్కడే పారబోశారట. ఓ మూల తవ్వితే మట్టి నల్లగా, జిడ్డుగా వస్తోంది, నీళ్లు పోస్తే ఇంకకుండా తామరాకు మీద బొట్టులా జారిపోతున్నాయి, వానపడితే పైన రంగురంగుల తెట్టు. అమ్మేమో అక్కడే తోటకూర, గోంగూర చల్లుతానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. బయోచార్ అనే ఒకరకం బొగ్గు విషాన్ని పట్టేసుకుంటుందని విన్నాను, నిజమేనా? ఎంత కలపాలి?

మట్టిమనిషి:
పట్టుకుంటుంది కానీ పోగొట్టదండీ. కాలిన ఆయిల్‌లో పీఏహెచ్‌లని విష రసాయనాలుంటాయి, వాటికి నీళ్లంటే పడదు, బొగ్గు కనిపిస్తే వదలవు. గాలి తగలకుండా 500 డిగ్రీల పైన కాల్చిన బొగ్గు గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉండొచ్చు, అందులో దూరి అతుక్కుపోతాయి కాబట్టి వేరుకీ వానపాముకీ అందేది తగ్గుతుంది. అంతే. విషం మట్టిలోనే ఉంటుంది. చేతికి జిడ్డు అంటేంత ఉన్నచోట బొగ్గు చాలదు, ఆ మట్టి తీయించెయ్యాల్సిందే, అదీ నాలాలో పారబోయకుండా. మిగిలిన పలచటి మరకకి వంద కిలోల మట్టిలో 2 నుంచి 5 కిలోలు కలపండి.

ఉప్పల్_పెరడు:
థాంక్సండీ. పేడనీళ్లలో నానబెట్టి వేయమని ఒకరన్నారు. రైస్‌మిల్లు బూడిద పనికొస్తుందా?

చలకనేల:
బూడిద వద్దు, అందులో పనికొచ్చే కార్బన్ చాలావరకు కాలిపోయి ఉంటుంది. పేడనీళ్లు పంట బలం కోసం మంచివే, మీ పనికి మాత్రం ఎదురు, ఆయిల్ కూర్చోవాల్సిన రంధ్రాల్లో పేడరసం ముందే కూర్చుంటుంది. మన సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా వాళ్లు పత్తికట్టె, కందికట్టె లాంటివి డ్రమ్ములో కాల్చే పద్ధతి రూపొందించారు. నేనూ డ్రమ్ములో పత్తికట్టె కాల్చాను. మొదటిసారి పొడిగానే దంచితే రెండ్రోజులు ముక్కులోంచి నల్లగానే వచ్చింది, తడిపి దంచండి. సరిగా కాలని బొగ్గు తనే పీఏహెచ్‌లు మోసుకొస్తుంది, వేళ్లతో నలిపితే తారు వాసనొచ్చినా అంటుకున్నా అది మట్టిలో వేయకండి.

మట్టిమనిషి:
ఇంకోటి, పాత ఆయిల్‌లో సీసం, జింక్ లాంటి లోహాలూ ఉంటాయి. ల్యాబ్‌లో అవి కూడా చూడమనండి. రిపోర్టు వచ్చేదాకా అమ్మగారికి బయటి మట్టితో టబ్బులు పెట్టివ్వండి, ఆ మూల బంతిమొక్కలు వేసుకోండి.

ఉప్పల్_పెరడు:
టబ్బులకి ఒప్పుకుంది, గోంగూర మాత్రం నేలలోనే ఏపుగా వస్తుందంటోంది. ఆ మూలదీ, షెడ్ లేని వైపుదీ వేర్వేరుగా మట్టి తీసి సోమవారం ల్యాబ్‌కి ఇస్తున్నాను, రిపోర్టు ఇక్కడే పెడతాను.