క్యాంపర్ వ్యాన్‌కి షెడ్డు: ఎంత కొలత సరిపోతుంది?

ప్రశ్న (పర్లాకిమిడి): మా క్యాంపర్ వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) పొడవు 23 అడుగులు, అద్దాలతో వెడల్పు 8, ఎత్తు 9న్నర. మేస్త్రీ 25×10 చాలంటున్నాడు. నిజమేనా?

జవాబు (గుణుపురం): చాలదండీ. 30×14 పెట్టించండి. పక్క తలుపు తెరిచి దిగాలంటే అటువైపు 4 అడుగులుండాలి. ఆ 9న్నరలో వ్యాన్ పైన ఏసీ కలిసిందా? ముందు అది చూడండి. షట్టర్ వెడల్పు 11, ఎత్తు 11 అడుగులు. షట్టర్ పైన చుట్టుకునే రోలు లోపలి వైపుంటే ఎత్తులో అడుగున్నర దాకా మింగేస్తుంది, అందుకే అది వదిలేసి కొలవాలి. రివర్స్‌లో ర్యాంపు ఎక్కేటప్పుడు వెనక కొస పైకి లేస్తుంది, ఏసీ గీసుకునేది అప్పుడే.

జవాబు (బరంపురం): కొలతలు బానే ఉన్నాయి గానీ గాలి మాటేంటి? 2018 తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లా మీంచే పోయింది. కప్పు రేకులకి జె-హుక్కులు (J ఆకారపు కొక్కేలు) వద్దు, రబ్బరు వాషరున్న స్క్రూలు వేయించండి, అంచుల్లో దగ్గరదగ్గరగా. షట్టర్‌కి విండ్ లాక్ (గాలికి పక్క పట్టాల్లోంచి ఊడకుండా పట్టే క్లిప్పులు) తప్పనిసరి. షట్టర్ ఊడితే గాలి లోపల దూరి కప్పునే లేపేస్తుంది.

ప్రశ్నించినవారు: వ్యాన్‌లో గ్యాస్ సిలిండర్ ఉంది. గాలాడటానికి ఒక కిటికీ సరిపోతుందా?

జవాబు (గుణుపురం): చాలదు. గ్యాస్ గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది. గచ్చుకి ఆనుకుని రెండు వైపులా జాలీలు పెట్టించండి.