"నాకు తమ్ముడంత వయసున్నప్పుడు కూడా నేను పెద్దదాన్నేనా?"

నడిపమ్మాయి:

మేం ముగ్గురం ఆడపిల్లలం, నేను నడిపిదాన్ని. చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాట ఒకటే: పెద్దది బాధ్యత గలది, నడిపిది మొండిది, చిన్నది గారాల పట్టి. ఇప్పుడు నాకు 38 ఏళ్లు. అక్క ఫోన్ చేస్తే ఇప్పటికీ నా గొంతు మారిపోతుంది. తను ఏం చెప్పినా ముందు "అదేం కాదు" అనేస్తాను, తర్వాతే వింటాను. ఆఫీసులో మాత్రం నన్ను సర్దుకుపోయే మనిషి అంటారు. ఒకే మనిషి రెండు చోట్ల ఇలా ఎలా ఉంటుందని అప్పుడప్పుడు అనిపించేది గానీ, గట్టిగా ఆలోచించలేదు.

పోయిన వారం ఆలోచించాల్సి వచ్చింది. మా పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి నాలుగు. పాప రెండు రోజులు కూర్చుని గుర్రం బొమ్మ వేసింది. కాళ్లు కుదరక నాలుగైదుసార్లు చెరిపి గీసింది, అక్కడ కాగితం పల్చబడిపోయింది కూడా. బాబు వచ్చి లాగాడు. సరిగ్గా ఆ చెరిపిన చోటే చిరిగింది. పాప వాడి చెయ్యి పట్టుకుని గట్టిగా అరిచింది. నేను పక్కగదిలోంచి వచ్చి, ఏం జరిగిందో కనుక్కోకుండానే "పెద్దదానివి, నువ్వే ఊరుకోవాలి" అన్నాను. ఊరుకుంది. ఏడవలేదు. రెండు ముక్కలూ బోర్లించి, అంచులు కలిపి, వెనక నుంచి టేపు వేసుకుంది.

రాత్రి పడుకునే ముందు అడిగింది: "అమ్మా, నాకు తమ్ముడంత వయసున్నప్పుడు కూడా నేను పెద్దదాన్నేనా?"

లెక్క వేసుకున్నాను. అవును. వాడు పుట్టేనాటికి దానికి నాలుగేళ్లే. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే "ఇక నువ్వు పెద్దదానివైపోయావు" అని ముద్దుగా చెప్పింది నేనే. ఇప్పుడు వాడికి అదే వయసు, వాణ్ణేమో "పసివాడు, వాడికేం తెలుసు" అంటున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పుట్టిన వరసని బట్టి మనిషి స్వభావం నిజంగా ఏర్పడుతుందా? లేక మనమే అంటగడుతున్నామా? చదివినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నలుగురిలో పెద్ద:

అమ్మా, నేను నలుగురిలో పెద్దవాణ్ణి, 56 ఏళ్లు. చదివి చెప్పేది నా దగ్గర ఏమీ లేదు, జరిగింది చెబుతాను.

నాన్నకి ఆపరేషన్ అన్నప్పుడు నలుగురం వెళ్లాం. నర్సు కాగితాలు తెచ్చి "సంతకం ఎవరు పెడతారు?" అంది. ఆ మాట పూర్తి కాకముందే ముగ్గురూ నావైపు చూశారు. మా రెండోవాడు నాకన్నా చదువుకున్నవాడు, మందుల గురించి బాగా తెలిసినవాడు. అయినా పెన్ను నా చేతికే వచ్చింది. ఆ కాగితంలో ఏం రాసుందో నాకు సగం అర్థం కాలేదు. అర్థం కాలేదని వాళ్ల ముందు అనలేకపోయాను. అదే నాకు ఇవాళ్టికీ బాధ. అడిగితే తమ్ముడు నిమిషంలో చెప్పేవాడు.

ఉద్యోగంలో 30 ఏళ్లు ఎవరి మీదా పెత్తనం చేయలేదు. చెప్పిన పని చేసే మనిషినని పేరు. ఇంటి గడప దాటితే నేను పెద్దన్నయ్యని కాదు. మీరు ఆఫీసు గురించి రాసింది చదివి, నాలాంటివాళ్లు ఇంకొకరు ఉన్నారని తెలిసింది.

పాపకి ఒక్కటి మాత్రం నేర్పండి. "నాకు తెలీదు" అని తమ్ముడి ముందు కూడా అనొచ్చని.

పాఠాల మాస్టారు:

నడిపమ్మాయి గారూ, నేను కాలేజీలో సైకాలజీ చెబుతాను. ఈ విషయం మీద క్లాసులో ప్రతి ఏడాదీ వాదన జరుగుతుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ ఆలోచనకి బాగా ప్రచారం తెచ్చింది వియన్నా డాక్టర్ ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్. రెండో బిడ్డ రాగానే మొదటి బిడ్డ సింహాసనం దిగాల్సి వస్తుందని, ఆ దెబ్బ స్వభావంలో మిగిలిపోతుందని ఆయన అన్నాడు. మన పెద్దవాళ్లకీ ఇది తెలుసు. చంటిబిడ్డకి ముందు పుట్టినవాణ్ణి ఎడపిల్లాడు అని, వాడి పేచీని వేరుగా గుర్తించేవారు. తర్వాత 1996లో ఫ్రాంక్ సల్లోవే అనే చరిత్రకారుడు, పెద్దవాళ్లు ఉన్న పద్ధతిని కాపాడతారని, తర్వాత పుట్టినవాళ్లు తిరగబడతారని శాస్త్రవేత్తల జీవితాలు చూపించి వాదించాడు. వినడానికి బాగుంటుంది. ఎవరి ఇంటికైనా అతికిపోతుంది.

లెక్కలు తీస్తే అంత నిలబడలేదు. 2015లో జూలియా రోరర్, బోరిస్ ఎగ్లోఫ్, స్టెఫాన్ ష్ముక్లె కలిసి అమెరికా, బ్రిటన్, జర్మనీ దేశాల్లో 20 వేల మందికి పైగా మనుషుల వివరాలు చూశారు. కలుపుగోలుతనం, బాధ్యత, మనసు నిలకడ, సర్దుకుపోయే గుణం, వీటిలో వేటికీ పుట్టిన వరసతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. అదే ఏడాది అమెరికాలో 3 లక్షల 77 వేల మంది హైస్కూల్ విద్యార్థుల మీద వచ్చిన ఇంకో పరిశీలనలోనూ తేడా ఉందా లేదా అన్నంత చిన్నగా తేలింది.

మరి ప్రతి ఇంట్లో మనకి కళ్లకు కట్టినట్టు ఎందుకు కనిపిస్తుంది? ఎందుకంటే మనం పోల్చేది ఎనిమిదేళ్ల పిల్లని నాలుగేళ్ల పిల్లాడితో. ఎనిమిదేళ్ల పిల్ల బాధ్యతగానే ఉంటుంది. అది వయసు వల్ల వచ్చింది. మీ బాబుకి ఎనిమిది వచ్చేసరికి వాడూ అలాగే ఉండొచ్చు, కానీ అప్పటికి పాపకి పన్నెండు. పక్కపక్కన నిలబెట్టినంత కాలం తను ముందే ఉంటుంది, వాడు వెనకే. తల్లిదండ్రులు చూసేది ఎప్పుడూ ఈ ఇద్దర్నీ కలిపే. ఆ చూపు గట్టిపడి పేరైపోతుంది.

తేడా కనిపించేది తెలివితేటల పరీక్షల్లో, అదీ కొద్దిగా. 2007లో క్రిస్టెన్‌సెన్, బ్యెర్కెడాల్ అనే ఇద్దరు నార్వే సైన్యంలో చేరే వయసున్న సుమారు 2 లక్షల 40 వేల మంది యువకుల మార్కులు చూశారు. మొదటివాళ్లకీ రెండోవాళ్లకీ మధ్య సగటున రెండు పాయింట్లకి కాస్త ఎక్కువ తేడా వచ్చింది. ఒక్క మనిషి విషయంలో దానికి విలువ లేదు. నాకు ముఖ్యంగా అనిపించేది అందులోనే ఇంకో సంగతి. పైన పుట్టిన బిడ్డ పసితనంలోనే చనిపోయి, తాను పెద్దగా పెరిగిన రెండో బిడ్డల మార్కులు మొదటి బిడ్డల మార్కులకి దగ్గరగా ఉన్నాయి. అంటే కడుపులో ఎన్నోవాడన్నది కాదు, ఇంట్లో ఎన్నోవాడిగా పెరిగాడన్నది లెక్కలోకి వచ్చింది.

మీ ప్రశ్నకి నా జవాబు ఇదే. స్వభావం వరసతో రాదు. ఇంట్లో వేషం వరసతో వస్తుంది, అది ఇంట్లోవాళ్ల ఎదుట బయటపడుతూనే ఉంటుంది, యాభై ఏళ్లు దాటినా సరే. పెద్దాయన చేతికి పెన్ను అలాగే వచ్చింది. అక్క ఫోన్ చేస్తే మీ గొంతు అలాగే మారుతోంది. మీరు చేయగలిగేది చాలా ఉంది.

ఆఖరివాడు:

మాస్టారు రాసింది నిజమే అయుండొచ్చు. కానీ ఆ వేషం తీసేయడం అంత తేలిక కాదండి. ఐదుగురిలో ఆఖరివాణ్ణి నేను. నాకు 41. ఇంట్లో ఏదైనా విషయం మాట్లాడుకుంటుంటే నేను గదిలోకి రాగానే మాట మారుస్తారు, "వాడికెందుకు టెన్షన్" అని. అమ్మకి జబ్బని అందరికన్నా చివర నాకు తెలిసింది. ప్రేమతోనే దాచారు, నాకు తెలుసు. అయినా ఆ నెల రోజులు అమ్మ దగ్గర ఉండే అవకాశం నాకు పోయింది. గారాబం అందరికీ కనిపిస్తుంది, ఇది కనిపించదు. మీ బాబుకి కూడా వయసుకు తగ్గ నిజాలు చెబుతుండండి.

ఒక్కదాన్నే:

తోబుట్టువులు లేనిదాన్ని కాబట్టి పంచుకోవడం రాదంటారు నన్ను. టోనీ ఫాల్బో అనే ఆవిడ ఏళ్ల తరబడి ఒక్కరే పెరిగిన పిల్లల మీద పనిచేసి, మిగతావాళ్లకన్నా వాళ్లేం తక్కువ కాదని చూపించారు. అది చదివిన రోజు నాకు గుండెల మీంచి బరువు దిగింది. మాస్టారి మాటకి ఇది తోడు.

నడిపమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. పెద్దన్నయ్య గారూ, మీ పెన్ను సంగతి మా అక్కకి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు మొండిదానివని అమ్మ అనేది, నేనెప్పుడూ అనలేదే" అంది. నిజమే, తను అనలేదు. ఇన్నేళ్లూ తన మాటలో నేను వింటున్నది అమ్మ మాట. మొన్న మొదటిసారి గంటసేపు మాట్లాడుకున్నాం, ఒక్కసారి కూడా "అదేం కాదు" అనలేదు నేను.

నిన్న పాపని కూర్చోబెట్టి చెప్పాను: "తమ్ముడు పుట్టినప్పుడు నువ్వు కూడా చిన్నదానివే. పెద్దదానివైపోయావని నేనే తప్పు చెప్పాను."

"ఎంత చిన్న?" అంది.

మేం ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు ఫోటో తీసి చూపించాను. కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్లో బాబు, వాడి తల కింద నా చెయ్యి. ఫోటోని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"నా కాళ్లు నేలకి అందట్లేదు" అంది.