ఉప్పుగాలిలో రోజూ తిరిగే పాత జిప్సీ: ముందుగా ఏ పనులు చేయించాలి?

ఇందుకూరుపేట_రొయ్యలరైతు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా వద్ద 2009 నాటి మారుతి జిప్సీ కింగ్ పెట్రోలు బండి ఉంది. నెల్లూరులోని ఇంటి నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వైపున్న రొయ్యల చెరువులకు వెళ్ళి రావడానికి, మేత బస్తాలూ, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్ మోటార్లూ చేరవేయడానికి, అర్ధరాత్రి కరెంటు పోయిందని కాపలా మనిషి ఫోన్ చేస్తే బురద గట్ల మీద పరుగెత్తడానికి రోజూ ఈ బండే మాకు ఆధారం. 2024లో పదిహేనేళ్ళు నిండగానే రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్ళకు పొడిగించుకున్నాము. టన్నుకు అటూ ఇటూ బరువుండి, వాన కురిసిన గట్టు మీద దిగబడకుండా నడిచే బండి కొత్తవాటిలో మాకు కనిపించలేదు కనుక అమ్మే ఆలోచన లేదు.

ప్రస్తుతం ఉన్న ఇబ్బందులు ఇవి. వెనుక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) షాకిళ్ళు, అంటే వాటిని బండికి కలిపే కొక్కేలు, బిగించిన చోట చాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) తుప్పు పట్టింది, డ్రైవరు కాళ్ళ కింద ఫ్లోరు రేకు ఒక మూల మెత్తబడింది. ముందు డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ మార్పించినప్పుడు అది పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. అరవై దాటిన తరువాత గుంత తగిలితే స్టీరింగ్ గట్టిగా ఊగిపోతోంది. ఎండాకాలంలో నెల్లూరు ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్ళేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది. వీటితో పాటు కొంచెం పెద్ద టైర్లు, మంచి హెడ్‌లైట్లు వేయించాలని, వీలైతే బండిని రెండంగుళాలు ఎత్తు చేయించాలని కోరిక. అన్నీ కలిపి లక్ష రూపాయల లోపు పెట్టగలను. దేనితో మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగోరుతున్నాను.

కావలి_పాతబండ్లు:

అన్నగారూ, టైర్లు, లైట్లు, ఎత్తు అన్నీ పక్కన పెట్టి మీ డబ్బులో మొదటి భాగాన్ని చాసిస్‌కు కేటాయించండి. ఇంజిను పాడైతే వేరొకటి తెచ్చి వేసుకోవచ్చు, గేరుబాక్సు విప్పి బాగు చేయించుకోవచ్చు. చాసిస్ తుప్పుతో పోతే మిగిలిన సామానంతా ఎంత బాగున్నా బండి లేనట్టే. పైగా మీరున్న చోటు మామూలు చోటు కాదు. ఉప్పు గాలిలోని తేమను తనలోకి లాక్కుంటుంది కనుక, పైకి పొడిగా కనిపించే రోజున కూడా బండి అడుగున ఇనుము తడిగానే ఉంటుంది. చెరువు నీళ్ళు కలిసిన బురద చాసిస్ పెట్టెల్లోకి చేరి గట్టిపడితే ఆ తడి అక్కడే నిలిచిపోతుంది.

మొదట బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, చిన్న సుత్తితో చాసిస్ పొడవునా తట్టించండి. బాగున్న ఇనుము గణగణమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. ముఖ్యంగా షాకిళ్ళ బ్రాకెట్లు, బాడీ మౌంట్లు, వెనుక అడ్డ మెంబరు చూడాలి. వెల్డింగ్ అవసరమైతే చాసిస్ పని తెలిసిన వాళ్ళ చేతనే చేయించండి. మీది ఎంపీఎఫ్ఐ ఇంజిను (కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే రకం) కనుక వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీసి, ఈసీయూ (ఆ కంప్యూటరు) కనెక్టరు కూడా విప్పించండి. పెట్రోలు ట్యాంకు దగ్గర పని ఉంటే దాన్ని దింపకుండా నిప్పు ముట్టించనివ్వవద్దు.

తరువాత పూత సంగతి. చాలామంది తుప్పు మీదనే దళసరి నల్లటి రబ్బరు కోటింగ్ కొట్టించి నిశ్చింతగా ఉంటారు. చూడటానికి బండి కొత్తదిలా ఉంటుంది కానీ, ఆ పొర కింద చేరిన తేమకు బయటకు పోయే దారి ఉండదు. ఇనుము లోపల లోపలే తినుకుపోతుంది, అది ఎవరికీ కనిపించదు కూడా. పెచ్చులూడే తుప్పును వైర్ బ్రష్‌తో గీకించి, మిగిలినదానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయించి, మంచినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన ఎపాక్సీ ప్రైమరు, పెయింటు వేయించండి. చాసిస్ పెట్టెల లోపలికి పొడుగు గొట్టంతో మైనపు స్ప్రే కొట్టించాలి. పెట్టెల అడుగున ఉండే డ్రెయిన్ రంధ్రాలు మట్టితో మూసుకుపోకుండా తీగతో పొడుస్తూ ఉండాలి.

ఇంత చేయించినా కడగకపోతే ప్రయోజనం లేదు. చెరువుల నుంచి వచ్చిన రోజునే అడుగు భాగాన్ని మంచినీళ్ళతో తడపాలి. ప్రెషర్ గన్ లేకపోయినా ఫరవాలేదు, తోటలో వాడే స్ప్రింక్లరును బండి కింద పెట్టి కాసేపు వదిలితే ఉప్పు కరిగి కారిపోతుంది. ఆ నీళ్ళు ఉప్పు బోరువి కాకుండా చూసుకోండి.

ఒంగోలు_షెడ్డు:

ఒంగోలులో మాకు చిన్న మెకానిక్ షెడ్డు ఉంది; జిప్సీలు, పాత మహీంద్రా జీపులు ఎక్కువగా మా చేతి మీదుగా వెళుతుంటాయి. పై వారు చాసిస్ గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మీరు రాసిన మిగిలిన మూడు లక్షణాల గురించి చెబుతాను.

పాల రంగు ఆయిల్ అంటే అందులో నీళ్ళు కలిశాయని అర్థం. రోడ్డు మీద తిరిగి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా చల్లని నీళ్ళలోకి దిగితే లోపలి గాలి కుంచించుకుపోతుంది. పైన ఉండే బ్రీదరు (గాలి రంధ్రం) మట్టితో మూసుకుపోయి ఉంటే, ఆ లోటును పూడ్చడానికి యాక్సిల్ సీళ్ళ సందుల్లోంచి నీళ్ళను పీల్చుకుంటుంది. కాబట్టి ఆయిల్ మార్చినంత మాత్రాన సరిపోదు. రెండు యాక్సిళ్ళ బ్రీదర్లకూ రబ్బరు గొట్టాలు తగిలించి ఇంజిను గది పైభాగం దాకా తీసుకువెళ్ళి కట్టించండి. చాలా తక్కువ ఖర్చులో అయిపోయే ఈ పని మీ బండికి ఏ అలంకారం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ముందు యాక్సిల్ నకిల్ (చక్రం పక్కలకు తిరిగే కీలు) సీళ్ళు కూడా మార్పించండి. ఒకసారి మామూలు ఆయిల్ పోసి కొద్ది దూరం నడిపి దించేసి, అప్పుడు అసలు ఆయిల్ పోయించాలి. డిఫరెన్షియళ్ళకు జీఎల్-5 రకం గేరు ఆయిల్ వాడండి. గేరుబాక్సుకు జీఎల్-4 చాలు, ఎందుకంటే జీఎల్-5లోని కొన్ని రసాయనాలు గేరుబాక్సులోని ఇత్తడి సింక్రో రింగులకు మంచివి కావు. ఆయిల్ దించే ముందు పోసే బిరడా ఊడుతుందో లేదో చూసుకోవడం మరువవద్దు. అది తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే, ఉన్న ఆయిల్ దించేసి కొత్తది పోయలేక బండి షెడ్డులోనే ఉండిపోతుంది.

స్టీరింగ్ ఊగుతోందంటే చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణచే షాక్ అబ్జార్బరు లాంటిది) వేయమంటారు. డ్యాంపర్ లక్షణాన్ని దాచుతుందే తప్ప కారణాన్ని తీయదు. ముందు చక్రాల బ్యాలెన్సింగ్, గాలి సరిచూడండి. తరువాత ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపించండి. ఆట (వదులు) కనిపిస్తే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే వీల్ బేరింగుది లోపం. తొక్కినా అలాగే ఉంటే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరిగే ఇరుసు) బేరింగులది. ఈ బండ్లలో ఎక్కువగా కింగ్‌పిన్ బేరింగులే కారణమవుతాయి. వాటిని మార్చి, షిమ్ములతో (పలుచని రేకు బిళ్ళలతో) బిగువు సరిచేస్తే ఊపు ఆగుతుంది. ఈ పని అయ్యేంతవరకు దయచేసి హైవే మీద వేగంగా నడపవద్దు.

ఇక వేడి విషయం. మన తీరప్రాంతపు బోరు నీళ్ళు రేడియేటరులో పోస్తే ఉప్పు, సున్నం గొట్టాల లోపల పేరుకుంటాయి. రేడియేటరును దించి శుభ్రం చేయించి, అవసరమైతే కోరు (లోపలి గొట్టాల భాగం) మార్పించి, కూలెంటును డిస్టిల్డ్ వాటరుతో కలిపి మాత్రమే పోయండి. వేడి తగ్గుతుందని థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కేదాకా కూలెంటును ఆపి ఉంచే కవాటం) పీకేయమని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. ఎంపీఎఫ్ఐ ఇంజిను చల్లగా ఉన్నంతసేపూ ఈసీయూ పెట్రోలు ఎక్కువగా ఇస్తూనే ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మీ నాటి బండ్ల కోసం ఉద్దేశించినది కాదు కనుక, రబ్బరు పెట్రోలు గొట్టాలు గట్టిపడ్డాయో, చెమరుస్తున్నాయో కూడా ఇదే సమయంలో చూపించండి.

టైర్ల విషయంలో నా సలహా ఒక్కటే: ఉన్న సైజునే ఉంచండి.

పొదలకూరు_రోడ్డు:

ఒంగోలు వారి చివరి మాటతో మాత్రం నేను గౌరవంగా విభేదిస్తున్నాను. కంపెనీ సైజు 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు, 215/75 ఆర్15 ఎత్తు సుమారు 703. అంటే డిఫరెన్షియల్ కింద నేలకు పదిహేడు మిల్లీమీటర్ల ఖాళీ పెరుగుతుంది, మీటరు అరవై చూపినప్పుడు అసలు వేగం అరవై మూడు ఉంటుంది. చెరువు గట్ల మీద బండి చాళ్ళలో నడిచేవారికి ఈ ఖాళీ ఉపయోగపడుతుంది, 1.3 లీటర్ల ఇంజిను ఈ మార్పును మోయగలదు. 235/75కి వెళితే మాత్రం తేడా పది శాతానికి చేరుతుంది. లాగే శక్తి తగ్గుతుంది, ఇప్పటికే అరిగిన మీ కింగ్‌పిన్‌ల మీద భారం పెరుగుతుంది. ఏ సైజు తీసుకున్నా టైరు పక్కన ఉండే నాలుగంకెల తయారీ తేదీ చూసి కొనండి. మొదటి రెండంకెలు వారాన్ని, తరువాతివి సంవత్సరాన్ని తెలుపుతాయి.

ఎత్తు పెంచడం మాత్రం వద్దు. జాయింట్ రాడ్ల (యాక్సిళ్ళకు శక్తిని చేర్చే కడ్డీల) వాలు పెరిగి, వాటి కొసల క్రాసులు (కీళ్ళు) త్వరగా పోతాయి, రోజువారీ ప్రయాణం కుదుపులమయం అవుతుంది. ఆ డబ్బుతో కమాన్ కట్టల బుష్షులు, షాకిల్ పిన్నులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు మార్పిస్తే కుంగిపోయిన బండి తన అసలు ఎత్తుకు చాలావరకు వస్తుంది. అంతేకాక, మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ముందు ఇనుప బుల్‌బార్లను కూడా 2017 డిసెంబరులోనే కేంద్రం తప్పుపట్టింది. ఐదేళ్ళకొకసారి ఫిట్‌నెస్‌కు వెళ్ళవలసిన బండికి ఇవన్నీ అనవసరపు చిక్కులు.

హెడ్‌లైట్లకు ఎల్ఈడీ బల్బులు కొనకముందు రిలే వైరింగ్ వేయించి చూడండి. పాత వైర్లలో, స్విచ్చులో ఒకటిన్నర వోల్టు పోతే హాలోజెన్ వెలుగులో దాదాపు మూడో వంతు పోయినట్టే. బ్యాటరీ నుంచి రిలే ద్వారా నేరుగా కరెంటు ఇచ్చి, మామూలు 60/55 వాట్ల హెచ్4 బల్బులనే కొత్త రిఫ్లెక్టర్లలో పెడితే, ఎదుటివారి కళ్ళలో కొట్టకుండా మీ దారి స్పష్టంగా కనిపిస్తుంది.

ఇందుకూరుపేట_రొయ్యలరైతు:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎత్తు పెంచే ఆలోచన మానుకున్నాను. చాసిస్, బ్రీదర్లు, కింగ్‌పిన్‌లు, రేడియేటరు ఈ వరుసలో చేయించి, మిగిలిన డబ్బుతో 215/75 టైర్లు తీసుకుంటాను. మన ప్రాంతంలో అసలు వానలు అక్టోబరు నుంచి కనుక ఆలోపే ముగించాలని అనుకుంటున్నాను. ఒక్క సందేహం మిగిలింది. మెత్తబడిన ఫ్లోరు రేకు మీద కొత్త రేకు వేసి అతికిస్తామని టింకరింగ్ వారు అంటున్నారు. అది సరిపోతుందా?

కావలి_పాతబండ్లు:

సరిపోదు అన్నగారూ. రెండు రేకుల మధ్య తేమ చేరితే కొత్త రేకు కూడా త్వరలోనే పోతుంది. గట్టి ఇనుము తగిలేదాకా పాత రేకును కోసి తీసేయించి, అంతే మందం ఉన్న రేకును అంచుకు అంచు కలిపి వెల్డింగ్ చేయించండి. అతుకుల మీద సీలెంటు, పైనా కిందా ప్రైమరు తప్పనిసరి. మ్యాటు కింద స్పాంజి లాంటి పొర ఉంటే దాన్ని మళ్ళీ వేయవద్దు, తడి కాళ్ళతో ఎక్కే బండిలో నీళ్ళను పట్టి ఉంచేది అదే. రబ్బరు మ్యాటు ఒక్కటే వేసి, వారానికోసారి తీసి ఎండబెట్టండి.